శుశ్రూషకు కొలమానమేది?
తరగతిలో విద్యార్థి అభినివేశాన్ని గూర్చి ఒక అభిప్రాయం

‘శుశ్రూష’ అనగానే నేటి తెలుగువారికి రోగికి చేసే పరిచర్య స్ఫురిస్తుంది. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ‘శ్రు’ ధాతువుపై ఇచ్ఛార్థకమైన ‘సన్’ ప్రత్యయం చేరగా ఏర్పడిన రూపమిది. వినవలెననే కోరిక దీని మూలార్థం. వినగోరి గురుసన్నిధిని చేరినవాడు గురువుకు సేవ కూడ చేసేవాడు కనుక క్రమంగా సేవార్థం రూఢమై, మూలార్థం మరుగున పడినది. మన భాషలో ఈ పదానికి పట్టిన గతియే మన తరగతి గదులలో ఆ భావానికి కూడ పట్టినదేమోనని అనుమానం కలుగుతున్నది. విద్యార్థి వచ్చి కూర్చున్నాడా, నిశ్శబ్దంగా ఉన్నాడా, చెప్పినది వ్రాసుకొన్నాడా అని చూస్తున్నాం. వినవలెననే కోరిక అతనిలో ఉన్నదా లేదా అని విచారించడం అరుదు.

ఇటీవలి విద్యావిషయక చర్చలలో విద్యార్థి నిమగ్నత, భాగస్వామ్యం అనే మాటలు తరచుగా వినవస్తున్నవి. దానిని కొలవవలెననీ, సంఖ్యలలో చూపవలెననీ కళాశాలలపై ఒత్తిడి పెరుగుతున్నది. 1994లో ఏర్పడిన జాతీయ మదింపు, గుర్తింపు మండలి 2017లో ప్రవేశపెట్టిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వే కూడ ఒక భాగమైనది. కొలవడం తప్పని ఈ వ్యాసకర్త భావించడం లేదు. దేనిని కొలుస్తున్నామో తెలియకుండ కొలిస్తే కలిగే అనర్థాన్ని ప్రాచ్యకళాశాలల అధ్యాపకుల దృష్టికి తేవడమే ఈ వ్యాసోద్దేశం.

ఒక స్వానుభవం

భీమ్‌గల్ ప్రాంతపు విద్యార్థులకు పాఠం చెప్పిన అనుభవం ఈ వ్యాసకర్తకు కలదు. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, భీమ్‌గల్ పరిసరాలు పసుపు పంటకు పెట్టింది పేరు. కార్తికమాసంలో లింబాద్రిగుట్ట నృసింహస్వామి జాతర ముగిసిన కొన్నాళ్లకు పొలాలలో పసుపు పక్వానికి వస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలల పంట అది. సంక్రాంతి మొదలు తవ్వకాలు, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పెట్టడం, అంగడికి చేర్చడం వరుసగా సాగుతవి. ఇంటిల్లిపాదీ ఆ పనిలో ఉంటారు. ఎన్నో కుటుంబాలలో తండ్రియో అన్నయో గల్ఫు దేశంలో ఉంటాడు. ఎన్నో ఇండ్లలో స్త్రీలు బీడీలు చుడుతారు. పరీక్షలు సమీపించే వేళకే ఈ పనులన్నీ వచ్చి పడుతవి.

ఒక విద్యార్థిని ఎప్పుడూ చివరి బల్లపై కూర్చునేది. పిలిచి అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. సంక్రాంతి తరువాత రాకపోకలు తగ్గినవి. హాజరు చాలనివారి జాబితాలో ఆమె పేరు చేరినది. ఆమెకు చదువుపై ఆసక్తి లేదని నేను మనస్సులో నిర్ణయించుకొన్నాను. అదే తరగతిలో మరొక విద్యార్థి ఒక్కనాడైనా మానలేదు. ముందు బల్లపై కూర్చుండి, నేను చెప్పే ప్రతి మాటకు తల ఊపేవాడు. అతనిని ఇతరులకు ఆదర్శంగా చూపేవాడిని.

ఆ రోజులలోనే అన్నంభట్టు తర్కసంగ్రహంలోని ‘ఉపాధి’ని బోధించాను. పర్వతంపై పొగ కలదు కనుక నిప్పు కలదనుట సద్ధేతువు. నిప్పు కలదు కనుక పొగ కలదనుట దుష్టహేతువు. బాగుగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ పుట్టవలెనంటే నిప్పుకు తడికట్టె తోడు కావలె. ఆ ఆర్ద్రేంధన సంయోగమే అక్కడ ఉపాధి. శాస్త్రగ్రంథాలలోని ఉదాహరణమే చెప్పి ముగించాను.

రెండు వారాల తరువాత ఆ విద్యార్థిని వచ్చినది. తరగతి ముగిసి అందరూ వెళ్లిన పిదప వాకిట నిలిచి, “సార్, మేం పసుపు ఉడకబెట్టేటప్పుడు ఎండు కట్టెలు పెడితే మంట మంచిగ మండింది గని పొగ రాలేదు. పచ్చికట్టె ఏసినంక పొగ లేసింది. మీరు చెప్పిన ఉపాధి గిదేనా?” అని అడిగినది. నాకు సమాధానం చెప్పడానికి కొంతసేపు పట్టినది. పాఠం విన్న నాటి నుండి రెండు వారాలు, పొయ్యి దగ్గర కూర్చుండి కూడ, ఆ అమ్మాయి ఆ విషయాన్ని మననం చేస్తూనే ఉన్నది. పరీక్షలో ముందుబల్ల విద్యార్థి ఉపాధి లక్షణాన్ని అక్షరం తప్పకుండ వ్రాసినాడు. సొంతంగా మరొక ఉదాహరణ ఇమ్మంటే ఆ చోటు ఖాళీగా వదిలినాడు.

తప్పు ఆ ఇద్దరిదీ కాదు, నా కొలమానానిది. ఆ రోజు నేను బోధించిన ఉపాధిని నా తరగతికే అన్వయించుకొని ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. హాజరు నిప్పు వంటిది. విద్య పొగ వంటిది. నిప్పును చూచి పొగను ఊహించినాను. తడికట్టె వంటి శుశ్రూష ఉన్నదా అని అడుగలేదు.

ఆధునికులు చెప్పినది

ఈ విషయంలో పాశ్చాత్య పండితులు చేసిన కృషి తక్కువది కాదు. 1960వ దశకంలో నెడ్ ఫ్లాండర్స్ రూపొందించిన పరస్పరక్రియా విశ్లేషణ పద్ధతి మన దేశపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో కూడ పాఠ్యాంశమైనది. తరగతిలో జరిగే మాటలను పది వర్గాలుగా విభజించి, మూడు సెకన్లకొకసారి గుర్తు వేస్తూ పోవడం ఆ పద్ధతి. ఏడు వర్గాలు ఉపాధ్యాయుని మాటలకు, రెండు విద్యార్థి మాటలకు, పదవది నిశ్శబ్దానికి కేటాయించినారు. తరగతి కాలంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతుంటారనీ, ఆ మాటలలో మూడింట రెండు వంతులు ఉపాధ్యాయునివేననీ ఆయన చూపినాడు. మన తరగతులలో ఈ నిష్పత్తి ఇంకెంత వంకరగా ఉండునో ప్రతి అధ్యాపకుడూ తన గుండెపై చేయి వేసుకొని చెప్పవచ్చు. అయితే ఆ పద్ధతిలో నిశ్శబ్దమూ గందరగోళమూ ఒకే వర్గంలో పడినవి. ఆలోచిస్తూ మౌనంగా ఉన్నవాడికీ, అర్థంకాక మౌనంగా ఉన్నవాడికీ అక్కడ భేదం లేదు.

మేరీ బడ్ రో అనే విదుషి 1970వ దశకంలో ఒక చిన్న విషయాన్ని గమనించినది. ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగి, సమాధానం కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నాడు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచినచోట విద్యార్థుల సమాధానాలు దీర్ఘమైనవి. ఎన్నడూ పలుకనివారు పలికినారు. వారే తిరిగి ప్రశ్నలు వేసినారు. విద్యార్థి మౌనానికి కారణం కొంతవరకు మన తొందరయే అని దీనివలన అవగతమవుతున్నది.

1984లో అలెగ్జాండర్ ఆస్టిన్, విద్యార్థి తన చదువుకు వెచ్చించే శారీరక, మానసిక శక్తియే విద్యాభివృద్ధికి మూలమని ప్రతిపాదించినాడు. 2004లో ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే ముగ్గురు విద్వాంసులు అంతవరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, నిమగ్నత మూడు విధాలని నిరూపించినారు. రావడం, కూర్చోవడం, పని చేయడం ప్రవర్తనకు సంబంధించినవి. ఇష్టం, విసుగు, తనవారి మధ్య ఉన్నాననే భావం హృదయానికి సంబంధించినవి. క్లిష్టవిషయాన్ని గ్రహించుటకు చేసే ప్రయత్నం బుద్ధికి సంబంధించినది. వీటిలో మొదటిది కంటికి కనబడుతుంది కనుక సులభంగా కొలవవచ్చు. తక్కిన రెండింటినీ అనుమానప్రమాణంచేతనే గ్రహించవలసి ఉన్నది.

మన శాస్త్రాలలోని సోపానక్రమం

ఈ విభాగం మనకు అపరిచితం కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రం వినయాధికారికంలో, విద్య ఎటువంటి బుద్ధిని తీర్చిదిద్దగలదో చెబుతూ శుశ్రూష, శ్రవణం, గ్రహణం, ధారణ, విజ్ఞానం, ఊహ, అపోహ, తత్త్వాభినివేశం అనే గుణాలను వరుసగా పేర్కొన్నాడు. ఈ క్రమం గమనార్హం. వినడం కంటె ముందు వినగోరడం ఉన్నది. వినిన పిదప పట్టుకొనడం, పట్టుకొన్నదానిని నిలుపుకొనడం, విశేషంగా తెలిసికొనడం, తెలిసినదానిని కొత్తచోటికి అన్వయించడం, అన్వయింపరానిదానిని త్రోసివేయడం, చివరకు తత్త్వంలో చిత్తం లగ్నం కావడం. యోగశాస్త్రంలో క్లేశాలలో ఒకటిగా పరిగణింపబడిన అభినివేశం వేరు. ఇక్కడి అభినివేశం నేటివారు నిమగ్నత అనేదానికి సమీపార్థకం.

మన వ్యవస్థ ఈ సోపానాలలో వేటిని కొలుస్తున్నదో పరిశీలింతము. హాజరుపట్టిక శ్రవణాన్ని కూడ కొలవదు. శ్రవణానికి అవకాశం ఉన్నదని మాత్రమే చెబుతుంది. వార్షిక పరీక్ష గ్రహణ ధారణలను కొలుస్తుంది. ప్రారంభంలోని శుశ్రూషకు గాని, ఊహాపోహలకు గాని మన వద్ద పట్టిక లేదు. పొయ్యి దగ్గరి ఆ విద్యార్థిని చేసినది ఊహ. ఆమెను పట్టుకొనగల గడి మన రిజిష్టరులో లేదు.

పతంజలి మహాభాష్యంలో విద్య ఉపయుక్తమయ్యే కాలాలు నాలుగని చెప్పబడినది. గురువు వద్ద పొందే ఆగమకాలం, స్వయంగా చదువుకొనే స్వాధ్యాయకాలం, ఇతరులకు చెప్పే ప్రవచనకాలం, లోకంలో ప్రయోగించే వ్యవహారకాలం. తరగతి గది ఆగమకాలం మాత్రమే. నిమగ్నతను అక్కడనే కొలిచి తీర్పు చెప్పడం నాలుగింట ఒక వంతును చూచి మొత్తాన్ని నిర్ణయించడమే.

తెలుగువారి అవధాన విద్య కూడ ఇక్కడ స్మరణీయం. అవధానమనగా చిత్తైకాగ్రతయే కదా. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి సాగుతుండగా అప్రస్తుత ప్రసంగి అడ్డుపడుతుంటాడు. ఘంటాగణనంలో గంటలు మ్రోగుతుంటవి. అవధాని ముఖం ఏకాగ్రంగా ఉన్నదా అని అక్కడ ఎవరూ చూడరు. మ్రోగిన గంటల సంఖ్య చెప్పినాడా, ధారణలో పద్యాలను తిరిగి అప్పగించినాడా అని చూస్తారు. ఏకాగ్రతను ముఖలక్షణం చేత కాక ఫలంచేత నిర్ణయించడం మన సంప్రదాయం.

దుష్టహేతువులు

దీనికి విరుద్ధంగా ముఖాన్నే కొలిచే యంత్రాలు నేడు లోకంలో వచ్చినవి. చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో ఒక పాఠశాలలో 2018లో కెమెరాలు అమర్చి, ముప్పయి సెకన్లకొకసారి పిల్లల ముఖాలను పరిశీలించి, ఎవరు శ్రద్ధగా ఉన్నారో ఎవరు పరధ్యానంగా ఉన్నారో లెక్కకట్టినారు. 2019లో అదే రాష్ట్రంలోని మరొక పాఠశాలలో పిల్లల నొసళ్లకు మెదడు తరంగాలను గ్రహించే పట్టీలు కట్టిన వార్త వెలువడి, నిరసన పెల్లుబికిన పిదప వాటి వినియోగాన్ని నిలిపివేసినారు. మన రాష్ట్రంలో కూడ ఇటీవలి సంవత్సరాలలో ప్రభుత్వ విద్యాసంస్థలలో ముఖగుర్తింపు ద్వారా హాజరు నమోదు ప్రవేశించినది. హాజరుకు పరిమితమైనంతవరకు అది కాగితపు పట్టికకు బదులు వచ్చిన సాధనం మాత్రమే. అచ్చటి నుండి శ్రద్ధను కొలిచే దిశగా అడుగు పడకూడదని మాత్రం ఇప్పుడే చెప్పవలసి ఉన్నది.

కారణం నైయాయికులకు తేటతెల్లం. తల ఊపడం, కన్నులు విప్పి చూడడం, మౌనం, హాజరు – ఇవన్నీ సవ్యభిచార హేతువులు. సాధ్యం ఉన్నచోట ఉంటవి, లేనిచోటా ఉంటవి. అర్థమైనవాడూ తల ఊపుతాడు, అధ్యాపకుని మెప్పు కోరేవాడూ ఊపుతాడు. పెద్దల యెదుట కన్నెత్తి చూడరాదని ఇంటిలో నేర్చుకొన్న గ్రామీణ బాలిక తల వంచుకొని వింటుంది. యంత్రం ఆమెను పరధ్యానంగా ఉన్నదని వ్రాస్తుంది. ఒకసారి వ్రాసిన అంకెను మార్చడం మనస్సులోని అభిప్రాయాన్ని మార్చడం కంటె కష్టం. నా పొరపాటు నాలోనే ఉన్నది కనుక ఒక ప్రశ్నతో తొలగినది. పట్టికకు ఎక్కిన పొరపాటు విద్యార్థి వెంట నడుస్తుంది.

ఈ సందర్భంలో పసుపు అంగడి ఒక పాఠం చెబుతున్నది. మెరుగు పెట్టిన కొమ్ము పైకి నిగనిగలాడుతుంది. తెలిసిన వర్తకుడు ఆ నిగనిగను చూచి ధర కట్టడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తాడు. ఔషధాలకై కొనేవారు అందులోని కుర్కుమిన్ శాతాన్ని పరీక్షింపజేస్తారు. విద్యార్థిని విరిచి చూడలేము, చూడరాదు కూడ. అతడే తనంత తాను విప్పి చూపే అవకాశం కల్పించడం ఒక్కటే మనకున్న మార్గం. ఆ అవకాశం పేరు ప్రశ్న.

కొన్ని సూచనలు

ఖండనతో ముగించడం ఉచితం కాదు. ఏ పరికరమూ అక్కరలేని కొన్ని పద్ధతులను విజ్ఞుల పరిశీలనకు సమర్పిస్తున్నాను.

మొదటిది, ప్రశ్నల లెక్క. ప్రతి తరగతి ముగియగానే, విద్యార్థులు అడిగిన ప్రశ్నలెన్ని అని అధ్యాపకుడు తన పుస్తకంలో వ్రాసుకొనవలె. పదార్థాన్ని అడిగినవి, అన్వయాన్ని అడిగినవి, ఊహాపోహలతో కూడినవి అని మూడు విధాలుగా విభజించుకొనవలె. నెలరోజుల పాటు మూడవ గడి శూన్యంగా ఉంటే, లోపం విద్యార్థులలో వెదకుటకు ముందు తన బోధనలో వెదకుకొనవలె.

రెండవది, విరామం. ప్రశ్న అడిగిన పిదప మనస్సులో మూడు లెక్కించువరకు మరొక మాట పలుకరాదు. చెప్పుటకు సులభమే కాని, ఆచరించి చూచినవారికి ఆ మూడు సెకన్లు ఎంత దీర్ఘమో తెలుస్తుంది.

మూడవది, పేరులేని చీటీ. తరగతిలో చివరి ఐదు నిమిషాలు నేడు తెలిసినదేమి, తెలియనిదేమి అని రెండు వాక్యాలు వ్రాయించవలె. పేరు వ్రాయనక్కరలేదు కనుక వెనుకబల్లవారి మౌనం కూడ ఇక్కడ మాట్లాడుతుంది. ఇతర దేశాల కళాశాలలలో ఈ పద్ధతి చిరకాలంగా వాడుకలో ఉన్నది.

నాల్గవది, శలాకాపరీక్ష. తాళపత్రగ్రంథంలో శలాక గుచ్చి, వచ్చిన పత్రంలోని విషయాన్ని వివరింపజేయడం పూర్వుల పద్ధతి. దానిని కొంత మార్చి, పుస్తకం తెరచిన చోట ఉన్న విషయానికి విద్యార్థి తన ఊరి నుండి, తన ఇంటి నుండి ఉదాహరణ తెచ్చునట్లు చేయవలె. కంఠస్థం ఒక్కటే అక్కడ చాలదు.

ఐదవది, హాజరుపట్టికలో కారణానికొక గడి. పసుపు పనులకై రాలేదు, బీడీల పని ఉండి రాలేదు, జ్వరం వచ్చి రాలేదు, రావాలనిపించక రాలేదు – ఇవన్నీ ఒకే ‘గైర్హాజరు’ కారాదు. ప్రాంతీయ ఋతుచక్రాన్ని గమనించి పాఠక్రమాన్ని కొంత ముందు వెనుకలు చేసికొనే స్వాతంత్ర్యం కళాశాలలకు ఉండడం యుక్తం.

వీటన్నిటికీ ఒక నియమం ప్రాణం వంటిది. ఈ లెక్కలు మార్కులుగా మారరాదు, విద్యార్థుల పేర్లతో పై అధికారులకు చేరరాదు. ప్రశ్నకు మార్కు ఉన్నదని తెలిసిన మరునాడే ప్రశ్నల వర్షం కురుస్తుంది. అది శుశ్రూష కాదు, తల ఊపడానికి మరొక రూపం.

రెండు ఆక్షేపణలు

సంఖ్యలు లేకుంటే గుర్తింపు మండలికి ఏమి చూపగలమని ఒక ఆక్షేపణ. సంస్థ మొత్తానికి సంబంధించిన అంకెలు ఇవ్వడానికి అభ్యంతరం లేదు. ఎన్ని తరగతులలో చీటీలు వ్రాయించినాము, వాటిని చూచి పాఠాలను ఎట్లు మార్చుకొన్నాము అనేది చూపదగినదే. అట్టి నివేదికలో కొలతకు గురియైనది విద్యార్థి కాదు, మన బోధన.

అధ్యాపకుని స్వీయనిర్ణయం పక్షపాతానికి దారితీయదా అని రెండవ ఆక్షేపణ. ఇది బలమైనది. నేనే పక్షపాతినై తప్పు నిర్ణయం చేసితినని పైన ఒప్పుకొన్నాను. అయితే నన్ను తప్పుదారి పట్టించినవి కూడ హాజరు, ముఖభావం అనే ‘నిష్పాక్షిక’ చిహ్నాలే. నన్ను దిద్దినది విద్యార్థిని ప్రశ్న. కనుక పక్షపాతానికి మందు ముఖాన్ని మరింత సూక్ష్మంగా చూడడం కాదు. విద్యార్థి పలికే అవకాశాలను పెంచడం.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఇద్దరు నాట్యాచార్యుల తారతమ్యాన్ని శిష్యుల ప్రదర్శనతో నిర్ణయించే ఘట్టం కలదు. పరీక్ష సక్రమంగానే ఏర్పాటైనట్లు కనబడుతుంది. పరివ్రాజిక వంటి ప్రాజ్ఞురాలు న్యాయనిర్ణేత. కాని ఆ పరీక్ష జరిగినది విద్యాపరిశీలనకు కాదు, రాజుకు మాళవికను చూడవలెననే కోరిక ఉన్నందుకు. ఏ కొలత నెదుట నిలిచినా మనం వేయవలసిన ప్రశ్న అదే. ఇది ఎవరి కోరిక తీర్చుటకు? విద్యార్థికి మేలు చేయుటకా, పట్టిక నింపుటకా?

మన కళాశాలలకు వచ్చే విద్యార్థులలో చాలామంది తమ ఇంటిలో కళాశాల మెట్టు ఎక్కిన మొదటివారు. సంస్కృత తెలుగు శాస్త్రాలను చదువవలెనని వచ్చినారంటే ఏదో ఒక రూపంలో శుశ్రూష వారిలో ఉన్నట్లే. 1993లో యశ్‌పాల్ సంఘం తన నివేదికలో, పుస్తకాల బరువు కంటె అర్థం కాకపోవడమనే బరువే పిల్లలకు భారమని చెప్పినది. ఆ బరువును మోస్తూ కూడ తరగతి ముగిసిన పిదప వాకిట నిలిచి ప్రశ్న అడిగేవారు ఉంటారు. వారికోసం ఐదు నిమిషాలు వాకిట ఆగడం మన కొలమానాలలో మొదటిది కావలెనని సవినయంగా మనవి చేస్తున్నాను.